కంప్యూటరు పెట్టెలో ఏముంది? – రచయితలు గమనించవలసిన కొన్ని విషయాలు

గత మూడు, నాలుగు దశాబ్దాల తెలుగు కథలోనూ, కవిత్వంలోనూ కంప్యూటరు చాలాసార్లు కనిపిస్తుంది. కాని దాదాపు ప్రతిసారీ రెండే రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి – గుండె లేని రాక్షసి, మనిషిని అంకెగా మార్చే యంత్రం. రెండు – పేదింటి కుర్రవాణ్ణి రాత్రికి రాత్రి అమెరికా చేర్చే అక్షయపాత్ర. మొదటి దృష్టి యంత్రాన్ని తిడుతుంది. రెండవది యంత్రానికి మొక్కుతుంది. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపించినా వీటి పునాది ఒకటే. రెండూ యంత్రాన్ని మానవ శ్రమ నుంచి విడదీసి చూస్తున్నాయి. దాన్ని ఎవరు తయారుచేశారు, చెడిపోతే ఎవరు బాగుచేస్తున్నారు, దానివల్ల ఎవరి పని పోయింది, అది ఎవరి భూమి మీద నిలబడి ఉంది అనే ప్రశ్నలు ఆ రచనల్లోకి రావు.

మగ్గం గురించి రాసిన మన రచయితలు పడుగు, పేక, నాడె, అచ్చు తెలుసుకుని రాశారు. వ్యవసాయం గురించి రాసినవాళ్లకు మేడికీ కర్రుకీ తేడా తెలుసు. కంప్యూటరు విషయంలో మాత్రం ఆ పాటి శ్రద్ధ లేదు. అది ‘తెలియని వస్తువు’గానే మన సాహిత్యంలోకి వచ్చి, తెలియని వస్తువుగానే ఉండిపోయింది. తెలియనిది ప్రతీకగా మారడం సులభం. వాస్తవికత కావడం కష్టం.

ఈ వ్యాసకర్త ముప్పయ్యేళ్లుగా కంప్యూటరు యంత్రాల మరమ్మతు వృత్తిలో ఉన్నాడు. ఇప్పుడు హైదరాబాదుకు పడమర, మొయినాబాదు – చేవెళ్ల దారిలో, ఎంకపల్లి చుట్టుపక్కల కళాశాలల్లో ఆ పని చేస్తున్నాడు. సాహిత్య విమర్శకుడు చెప్పవలసిన మాటలు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రచయితలకు ముడిసరుకు అందించడమే దీని ఉద్దేశం.

1. నేతగాడి అట్ట

కంప్యూటరు మూలాలు వెతుక్కుంటూ వెళితే మనం చేరేది ప్రయోగశాలకు కాదు, మగ్గం దగ్గరికి. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలో జకార్డు అనే ఆయన పేరుమీద ఒక మగ్గం వచ్చింది. గట్టి అట్టల మీద రంధ్రాలు పొడిచి, ఆ అట్టలను దండలా కుట్టి మగ్గం మీద వేలాడదీస్తారు. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకకు ఆజ్ఞ. రంధ్రం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం పడుగు దారాన్ని పైకి లేపుతుంది. రంధ్రం లేనిచోట దారం కదలదు. ఉంది, లేదు – ఈ రెండు మాటలతోనే పూలు, లతలు, నెమళ్లు బట్టమీదికి వస్తాయి. ధర్మవరంలో పట్టుచీరల అంచులూ కొంగులూ నేసే మగ్గాల మీద ఈ అట్టల దండలను ఎవరైనా చూడవచ్చు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అంతకుముందు ఏ దారం ఎప్పుడు లేపాలో నేతగాడి మనసులోనూ, దారాలు లాగే సహాయకుడి చేతుల్లోనూ ఉండేది. ఇప్పుడా తెలివి అట్టలోకి చేరింది. అట్టను కొనగలిగినవాడు ఆ తెలివిని కూడా కొనగలుగుతాడు. లియాన్ నగరపు పట్టు నేతగాళ్లు ఈ మగ్గాన్ని వ్యతిరేకించింది అందుకే. వాళ్లకు యంత్రం అర్థం కాక కాదు, బాగా అర్థమయ్యే వ్యతిరేకించారు.

ఆ అట్ట 1890లో అమెరికా జనాభా లెక్కల్లోకి వచ్చింది. హోలరిత్ అనే ఇంజినీరు ప్రతి మనిషి వివరాలనూ అట్టమీద రంధ్రాలుగా మార్చి, యంత్రంతో లెక్కపెట్టించాడు. ఆయన సంస్థ మరికొన్నిటితో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అనే పేరు పెట్టుకుంది. 80 నిలువు వరసలు, 12 అడ్డ వరసలు ఉన్న ఐ.బి.ఎం. కార్డు దాదాపు అర్ధశతాబ్దం పాటు ప్రపంచంలో లెక్కలన్నిటినీ మోసింది.

ఇప్పుడు హార్డువేరు, సాఫ్టువేరు అనే మాటలు అర్థం చేసుకోవడం కష్టం కాదు. మగ్గం హార్డువేరు. అట్టల దండ సాఫ్టువేరు. కాకపోతే ఒక పెద్ద తేడా ఉంది. మగ్గం మీద అట్ట వేరు, నూలు వేరు. 1940ల మధ్యలో రూపొందిన ఆధునిక కంప్యూటరులో ఆజ్ఞలూ, ఆ ఆజ్ఞలు పనిచేయవలసిన సమాచారమూ ఒకే జ్ఞాపక కోశంలో పక్కపక్కనే ఉంటాయి. వచ్చిన ఫలితాన్ని బట్టి తర్వాత ఏ ఆజ్ఞకు పోవాలో యంత్రమే నిర్ణయించుకోగలదు. తాను నేసిన బట్టను చూసి తన అట్టను తానే మార్చుకునే మగ్గాన్ని ఊహించుకోండి. అదే కంప్యూటరు. రంధ్రం స్థానంలో విద్యుత్తు వచ్చింది. కొక్కెం స్థానంలో ట్రాన్సిస్టరు వచ్చింది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 అనే చిప్పులో ఉన్నవి దాదాపు 2,300 ట్రాన్సిస్టర్లు. ఇవాళ జేబులోని ఫోనులో ఉన్నవి వందల కోట్లు. సంఖ్య మారింది గాని సూత్రం మారలేదు.

2. కుషాయిగూడలో తయారైన కంప్యూటరు

హైదరాబాదు కంప్యూటరు చరిత్ర మాదాపూరులో మొదలైందని నేటి విద్యార్థులు అనుకుంటారు. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. అంతకు దాదాపు మూడు దశాబ్దాల ముందే, నగరానికి మరో కొసన, మౌలాలి – కుషాయిగూడ – చర్లపల్లి ప్రాంతంలో కంప్యూటర్లు తయారయ్యాయి. ఈ విషయం మన సాహిత్యంలో సరిగ్గా నమోదు కాలేదు.

అణుశక్తి విభాగం ఆధ్వర్యాన 1967 ఏప్రిల్ 11న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఇ.సి.ఐ.ఎల్.) స్థాపితమైంది. దానికి రూపకల్పన చేసి తొలినాళ్లలో నడిపించినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఆయన పేరనే ఎ.ఎస్. రావు నగర్ వెలిసింది. ట్రాంబేలో మొదలైన పరిశోధన ఫలితంగా 1969లో టి.డి.సి.–12 అనే కంప్యూటరు వచ్చింది. ‘ట్రాంబే డిజిటల్ కంప్యూటర్’ అన్నదానికి అది పొడి మాట. 12 అంటే ఒక్కొక్క మాటకు 12 బిట్లు. 1970ల మధ్యలో టి.డి.సి.–312, టి.డి.సి.–316 వచ్చాయి. ఇవి దేశంలోని విశ్వవిద్యాలయాలకూ, పరిశోధన సంస్థలకూ, కర్మాగారాలకూ వెళ్లాయి.

ఆ కాలపు యంత్రాల జ్ఞాపక కోశం ఎలా ఉండేదో తెలుసుకోవడం అవసరం. ఆవగింజలంత ఫెర్రైటు వలయాలను సన్నని రాగి తీగలతో గళ్లు గళ్లుగా అల్లేవారు. ఒక్కొక్క వలయంలో ఒక్కొక్క ‘అవును’ లేదా ‘కాదు’. ప్రపంచమంతటా ఈ అల్లిక ఎక్కువగా స్త్రీ కార్మికుల చేతుల మీద జరిగింది. అంటే మగ్గం నుంచి పుట్టిన యంత్రం తన జ్ఞాపకశక్తి కోసం మళ్లీ అల్లిక పనివాళ్లనే ఆశ్రయించింది. కంప్యూటరు చరిత్రను మేధావుల చరిత్రగా మాత్రమే రాసినప్పుడు ఈ చేతులు కనిపించకుండా పోతాయి.

ఇ.సి.ఐ.ఎల్. కథను ఆదర్శీకరించనవసరం లేదు. దాని యంత్రాలు ఖరీదైనవి. చాలా విడిభాగాలు విదేశాల నుంచే వచ్చేవి. ప్రపంచ వేగంతో పోలిస్తే మన అడుగు నెమ్మది. ఇవన్నీ నిజాలే. కాని యంత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా అర్థం చేసుకున్న ఇంజినీర్లూ, సాంకేతిక పనివాళ్లూ ఇక్కడ ఒక తరంగా తయారయ్యారనేది అంతకన్న ముఖ్యమైన నిజం. 1982లో కేరళలోని పరవూరు శాసనసభ ఎన్నికలో దేశంలోనే మొదటిసారి వాడిన ఓటింగు యంత్రాలు ఆ సంస్థవే. స్వావలంబన అనే మాట అప్పుడు కేవలం నినాదం కాదు. కుషాయిగూడ బస్సు దిగి గేటులోకి నడిచే వేలమంది నిత్యజీవితం.

3. వ్యతిరేకించినవాళ్లు ఛాందసులా?

‘కార్మిక సంఘాలు కంప్యూటర్లను వ్యతిరేకించి దేశాన్ని వెనక్కి లాగాయి’ అనే మాట ఇవాళ పాఠశాల పిల్లలకు కూడా కంఠస్థం. ఈ మాటను పరిశీలించకుండా రచయితలు అంగీకరించకూడదు.

1960ల రెండో సగంలో కలకత్తాలో జీవిత బీమా సంస్థ ఉద్యోగులు తమ కార్యాలయంలోకి కంప్యూటరు రాకుండా అడ్డుకున్నారు. ఆందోళన ఎంత విస్తరించిందంటే, ఆటోమేషను ప్రభావం పరిశీలించడానికి కేంద్రం దండేకర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేయవలసి వచ్చింది. ఆ సంఘం 1972లో నివేదిక ఇచ్చింది. ఉద్యోగుల ప్రశ్న సూటిగా ఉంది: గుమాస్తా ఉద్యోగం కోసం లక్షలమంది ఎదురుచూస్తున్న దేశంలో, ఆ ఉద్యోగాలు తగ్గించే యంత్రానికి విలువైన విదేశీ మారకద్రవ్యం ఎందుకు ఖర్చు చేయాలి? ఆనాటికి ఇది అర్థం లేని ప్రశ్న కాదు.

పైగా ఆ యంత్రాలు వచ్చిన తీరు కూడా చూడాలి. ఐ.బి.ఎం. తన యంత్రాలను అమ్మడం కన్న అద్దెకు ఇవ్వడానికే మొగ్గు చూపేది. ఇతర దేశాల్లో పాతబడిన నమూనాలను ఇక్కడ బాగుచేసి తిప్పేది. 1973 విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం ఇక్కడి శాఖలో విదేశీ వాటాను తగ్గించుకోవలసి వచ్చినప్పుడు అందుకు ఒప్పుకోక, 1978లో దేశం విడిచి వెళ్లిపోయింది. అది వదిలిపోయిన యంత్రాల సంరక్షణ భారం 1975లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ – కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ – తలకెత్తుకుంది. రకరకాల కంపెనీల యంత్రాలను ఒకే సంస్థ బాగుచేయగలగడం ఆనాడు చిన్న విషయం కాదు. ఆ సంస్థ 1986లో ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్లను కంప్యూటరు మీదికి తెచ్చింది. ఏ కౌంటరు దగ్గరైనా ఏ రైలుకైనా టిక్కెట్టు దొరకడం సామాన్య ప్రయాణికుడికి కలిగిన మేలు. ఇది కాదనలేం. అయితే ఆ సంస్థలో 51 శాతం వాటాను 2001లో టాటాలకు అమ్మేశారు. 2015లో అది టాటా కన్సల్టెన్సీలో కలిసిపోయింది. సమాజం కోసం యంత్రం, లాభం కోసం యంత్రం అనే రెండు దారులూ ఒకే సంస్థ చరిత్రలో కనిపిస్తాయి.

బ్యాంకుల్లో ఏం జరిగింది? 1983లో బ్యాంకు ఉద్యోగుల సంఘాలు యాజమాన్యాలతో ఒప్పందం చేసుకున్నాయి. ఎన్ని యంత్రాలు, ఎక్కడ, ఏ పనికి అనేవి చర్చించి పరిమితంగా అంగీకరించాయి. అంటే శ్రామికులు అడిగింది యంత్రం వద్దని కాదు, యంత్రం విషయంలో తమకూ ఒక మాట ఉండాలని. యంత్రం మీద కోపం వేరు, యంత్రాన్ని తమమీద ప్రయోగించే తీరు మీద కోపం వేరు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు కార్మికులు ఈ తేడాను అనుభవంతో నేర్చుకున్నారని మార్క్సు ‘పెట్టుబడి’లో చూపించాడు. మన బ్యాంకు గుమాస్తాలు కూడా అదే నేర్చుకున్నారు. ఆ చర్చల గదుల్లో, యూనియను సమావేశాల్లో ఎన్ని కథలున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

4. టంకం నుంచి స్క్రూడ్రైవరుకు

1984 నవంబరులో కేంద్రం కొత్త కంప్యూటరు విధానం ప్రకటించింది. దిగుమతులు సులభమయ్యాయి. పెద్ద యంత్రాల కాలం పోయి బల్లమీది పెట్టెల కాలం వచ్చింది. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు క్రమంగా రాష్ట్రమంతటికీ కంప్యూటరు బజారు అయింది. మదర్‌బోర్డు ఒక దుకాణంలో, మెమరీ ఒక దుకాణంలో, క్యాబినెట్టు ఒక దుకాణంలో కొని, చిన్న గదిలో కూర్చుని బిగించి అమ్మే యువకుల తరం ఒకటి పుట్టింది. డిప్లొమా, ఐ.టి.ఐ. చదివినవాళ్లు, రేడియోలు, టీవీలు బాగుచేసినవాళ్లు ఇందులో ఎక్కువ.

ఈ వృత్తిలో జరిగిన మార్పును కొంత వివరంగా చెప్పాలి. సాహిత్యానికి పనికొచ్చే వాస్తవం ఇక్కడ దట్టంగా ఉంది.

1981లో ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరుతో పాటు వెలువరించిన సాంకేతిక గ్రంథంలో సర్క్యూటు పటాలూ, యంత్రం మేల్కొనగానే నడిచే ప్రాథమిక ప్రోగ్రాము పాఠమూ అచ్చయి ఉండేవి. చదవగలిగినవాడికి పెట్టెలో రహస్యం లేదు. నేను పనిలో చేరిన 1990లలో కూడా బోర్డు చెడిపోతే చెడిన చిప్పును కనిపెట్టేవాళ్లం. ఓసిల్లోస్కోపు పెట్టి అలను చూడడం, టంకం కరిగించి చిప్పు ఊడదీయడం, కొత్తది అతకడం. మెమరీ పట్టుకోకపోతే దాని బంగారు పూత అంచును పెన్సిలు రబ్బరుతో తుడిచి మళ్లీ గుచ్చడం. ఫ్యాను శబ్దాన్ని బట్టి, పవర్ సప్లయి వాసనను బట్టి రోగం చెప్పగల పెద్దలు ఉండేవారు. వాళ్లను మేం ‘గురువుగారూ’ అనేవాళ్లం. ఒక బోర్డుకు ప్రాణం వచ్చినప్పుడు కలిగే తృప్తి కుమ్మరికి కుండ నిలిచినప్పటి తృప్తి వంటిదే.

తర్వాత చిప్పు మార్చడం పోయి కార్డు మార్చడం వచ్చింది. తర్వాత కార్డు కూడా పోయి మొత్తం బోర్డే మార్చడం వచ్చింది. ఇప్పుడు చాలా ల్యాప్‌టాపుల్లో మెమరీ బోర్డుకే అతికించి ఉంటుంది. బ్యాటరీ జిగురుతో అంటించి ఉంటుంది. పటాలు బయటికి ఇవ్వరు. చెడితే పారేసి కొత్తది కొనాలి. నేను కొంతకాలం చేసిన ఒక ప్రైవేటు సర్వీసు సంస్థలో ఇంజినీరు నైపుణ్యానికి విలువ ఉండేది కాదు. రోజుకు ఎన్ని ‘కాల్స్’ మూశాడన్నదే లెక్క. రోగం కనిపెట్టడానికి గంటసేపు ఆలోచించినవాడు సోమరి. ఆలోచించకుండా బోర్డు మార్చినవాడు చురుకైనవాడు.

దీన్ని వ్యక్తుల చెడ్డతనంగా చూస్తే లాభం లేదు. హారీ బ్రేవర్మన్ 1974లో తన గ్రంథంలో వివరించిన పరిణామమే ఇది. పనిలోని ఆలోచనను ఒకచోటికీ, చేతను మరోచోటికీ విడదీయడం, ఆలోచనను యాజమాన్యం గుప్పిట్లో పెట్టి, చేతను చవకగా కొనడం. కంప్యూటరు పరిశ్రమ ఇతరుల వృత్తుల మీదికే కాదు, తన సొంత కార్మికుల మీదికి కూడా ఈ పద్ధతినే ప్రయోగించింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ కోసం ఒక సంఘాన్ని వేసింది. కొన్నవాడి హక్కు గురించి మాట మొదలైంది, మంచిదే. బాగుచేసేవాడి హక్కు గురించి ఇంకా మొదలుకావలసి ఉంది.

దేశంలో తయారీ ఎందుకు చితికింది? కారణాలు అనేకం. 1989లో మొహాలీలోని ప్రభుత్వరంగ చిప్పుల కర్మాగారం అగ్నికి ఆహుతైంది. 1991 తర్వాత ప్రభుత్వరంగం మీద శ్రద్ధ తగ్గింది. 1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ వారి సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. దాని ప్రకారం కంప్యూటరు పరికరాల మీద దిగుమతి సుంకాలు 2005 నాటికి చాలావరకు సున్నా అయ్యాయి. ఇక్కడ తయారుచేయడం కన్న తెచ్చి అమ్మడం లాభసాటి అయింది. 2006 ప్రాంతంలో హైదరాబాదుకు దక్షిణాన రావిర్యాల దగ్గర ‘ఫ్యాబ్ సిటీ’ పేరిట భూమి కేటాయించారు. అనుకున్న చిప్పుల కర్మాగారం రాలేదు. ఇవాళ ప్రపంచ స్థాయి చిప్పుల రూపకల్పన హైదరాబాదు కార్యాలయాల్లో జరుగుతోంది. గీసేది మనవాళ్లే. ఆ గీతకు యజమానులు మాత్రం మనవాళ్లు కారు.

5. కంపోజిటరు ఎటు పోయాడు?

రచయితలకు అత్యంత సన్నిహితమైన ఉదాహరణ ఇదే. మన అభ్యుదయ పత్రికలన్నీ ఒకప్పుడు సీసపు అక్షరాలతో, చేతి కంపోజింగుతో అచ్చయినవి. తెలుగు లిపికి గుణింతాలు, వత్తులు ఉండడం వల్ల కేసుల్లో వందల గళ్లు కావలసి వచ్చేవి. కంపోజిటరు చూపు రాతప్రతి మీద, చెయ్యి గళ్ల మీద. అక్షరాన్ని అద్దంలో తలకిందులు చేసినట్టు చదవడం అలవాటు. చాలా కథలకు మొదటి పాఠకుడు అతనే. రచయిత వదిలేసిన అరసున్నలు, తప్పిన వత్తులు సరిచేసింది అతనే.

1980ల చివర, 1990లలో డి.టి.పి. వచ్చింది. కొద్ది సంవత్సరాల్లోనే కేసులు కరిగి తూకానికి వెళ్లాయి. వయసులో ఉన్న కొందరు కీబోర్డు నేర్చుకున్నారు. మిగిలినవారు బైండింగులోకో, కాగితం మోయడానికో, ఇంటికో వెళ్లారు. వారి స్థానంలోకి పేజీకి ఇంత చొప్పున కూలి తీసుకునే ఆపరేటర్లు – చాలామంది యువతులు – వచ్చారు. శ్రామికులను గురించి సంపుటాలు అచ్చువేసిన మనం, ఆ సంపుటాలను కూర్చిన శ్రామికుడు కనుమరుగవుతుంటే ఎన్ని పేజీలు రాశాం?

ఇంకో సంగతి. డి.టి.పి. తెచ్చిన తెలుగు నిజానికి తెలుగు కాదు. ఆ ఫాంట్లలో అక్షరాలకు ఉన్న స్థానాలు 256 మాత్రమే. వాటిలో ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు తలకట్లు, కొమ్ములు, వత్తులు ముక్కలుగా నింపారు. ఏ ముక్క ఏ గడిలో అన్నది ఒక్కొక్క కంపెనీ ఇష్టం. తెరమీద ‘అమ్మ’ కనిపిస్తుంది, యంత్రం లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తుల గుంపు ఉంటుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే చదవలేని గీతలు వస్తాయి. మూడు దశాబ్దాల తెలుగు పత్రికలు, పుస్తకాలు ఇలాంటి ఫైళ్లలో బందీలై ఉన్నాయి. వెతకడానికి లేదు, మరోచోట వాడుకోవడానికి లేదు. భాష ప్రజలది, కాని ఆ భాషకు వేసిన తాళం కంపెనీది.

దీనికి పరిష్కారం ఉమ్మడి ప్రమాణం. భారతీయ భాషలకు 1988లో ఇస్కీ అనే ప్రమాణం రూపొంది, 1991లో సవరించబడింది. అదే 1991లో యూనికోడు మొదటి ప్రమాణం వచ్చింది. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు సామాన్యుల బల్లమీదికి వచ్చింది. యూనికోడులో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు గుర్తులుగా దాస్తారు. ఏ యంత్రంలోనైనా అవే ఆరు. ముక్కలను అందంగా కూర్చే పని ఫాంటుది. ఒకప్పుడు కంపోజిటరు చేసిన పనే అది. చిత్రమేమిటంటే సమానత్వం ఇంకా పూర్తి కాలేదు. సెల్‌ఫోనులో ఒక సంక్షిప్త సందేశానికి ఇంగ్లీషులో 160 గుర్తులు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. యంత్రానికి భాషా పక్షపాతం లేదు. యంత్రాన్ని మొదట ఏ భాషవాళ్లు, ఏ మార్కెట్టు కోసం నిర్మించారో ఆ చరిత్రే పక్షపాతమై నిలిచిపోయింది.

6. ఎంకపల్లి నుంచి చూస్తే

ఈ పరిణామాలన్నీ ఒకచోట కలిసి కనిపించే ప్రదేశం ఎంకపల్లి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. కూరగాయలు, పూలు పండించి నగరానికి పంపే పల్లెలివి. చేవెళ్ల దారికి రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు. 1990ల చివరినుంచి ఇక్కడ ఇంజినీరింగు కళాశాలలు, వైద్య కళాశాల వెలిశాయి. 2008లో ఫీజు రీయింబర్సుమెంటు పథకం విస్తరించాక పరిగి, తాండూరు, వికారాబాదు, పాలమూరు వైపు నుంచి మొదటితరం చదువరులు కంప్యూటరు ఇంజినీరింగులో చేరారు. రైతుకూలీ బిడ్డ కంప్యూటరు ముందు కూర్చోవడం చరిత్రలో ముందడుగే. దాన్ని తక్కువ చేయకూడదు.

కాని ఆ పిల్లల్లో పెట్టె మూత తీసి చూసినవాళ్లు తక్కువ. మూత తీసి చూడమని నేను ఒక విద్యార్థిని ప్రోత్సహిస్తే, ‘హార్డ్‌వేర్ల ఏముంది సార్, ప్యాకేజీ రాదు గద’ అన్నాడు. ఆ మాటలో అతని తప్పు లేదు. ఇల్లు గడవడానికి ఏ పనికి ఎంత ధర పలుకుతుందో అతనికి తెలుసు. చదువు పూర్తికాగానే అమీర్‌పేట కోచింగు గదులు, ఆ తర్వాత చిలుకూరు బాలాజీ గుడి. పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా మొక్కుకోవడం, వస్తే నూట ఎనిమిది చేసి మొక్కు తీర్చడం. దీన్ని మూఢనమ్మకమని వెక్కిరించి వదిలేయడం సులభం. తన శ్రమకు ఇక్కడ విలువ కట్టే వ్యవస్థ లేదనుకున్న యువకుడి అభద్రత ఆ ప్రదక్షిణల్లో ఉంది. రచయిత చూడవలసింది దాన్ని.

అదే కళాశాలల వెనక గదుల్లో పాత మానిటర్లు, ప్రింటర్లు గుట్టలుగా పడి ఉంటాయి. చివరికి అవి తూకానికి పోతాయి. తీగలు కాల్చి రాగి తీసే చేతులూ, బోర్డులు విరిచే చేతులూ ఈ పరిశ్రమ చిట్టచివరి కార్మికులు. సీసం, విషపు పొగ వాళ్ల వాటా. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు 2011లో వచ్చాయి, తర్వాత రెండుసార్లు కొత్తవి వచ్చాయి. ఆ నియమాలు ఆ చేతులదాకా ఎంత చేరాయన్నది ఏ తుక్కు దుకాణం ముందు నిలబడినా తెలుస్తుంది.

ఎంకపల్లికి దక్షిణంగా, చేవెళ్ల డివిజనులోని షాబాదు మండలంలో చందనవెల్లి అనే ఊరు ఉంది. అక్కడి పారిశ్రామిక వాడలో అమెజాను సంస్థ డేటా కేంద్రం నెలకొంది. ఆ సంస్థ హైదరాబాదు కేంద్రాలు 2022 నవంబరులో పనిలోకి వచ్చాయి. ‘క్లౌడ్’ – మేఘం – అని ప్రపంచమంతా పిలిచేది ఇదే. ప్రతీకలు వాడే వృత్తిలో ఉన్న మనం ఈ ప్రతీకను పరీక్షించాలి. మేఘం ఎవరిదీ కాదు, మేఘానికి నేల అక్కరలేదు, అది వానై దిగి వస్తుంది. డేటా కేంద్రానికి మాత్రం నేల కావాలి. రాత్రింబవళ్లు ఆగని విద్యుత్తు కావాలి. యంత్రాలు చల్లబడే ఏర్పాటు కావాలి. కాపలాదారులు కావాలి. ఒకసారి కట్టడం పూర్తయ్యాక మనుషులు మాత్రం చాలా తక్కువమంది చాలు. దున్నిన నేల మీద లేచిన ఈ కిటికీల్లేని భవనానికి మేఘం అని పేరు పెట్టింది వ్యాపార భాష. పేరు పెట్టడంలోనే భూమినీ, శ్రమనూ కనిపించకుండా చేసింది. ఇంతకన్న పెద్ద అలంకార ప్రయోగం మన కావ్యశాస్త్రంలో దొరకదు.

జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జి.ఓ. 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 జి.ఓ. ద్వారా ఆ ఆంక్షలను షరతులతో ఎత్తివేశారు. నగరం, దానితోపాటు సమాచార పరిశ్రమ పడమరకు జరుగుతున్న కొద్దీ ఇక్కడ పంట కన్న ప్లాటు విలువైనదవుతోంది. హార్డువేరు అన్న మాటకు ఆఖరి అర్థం నేల అని ఇక్కడ నిలబడితే తెలుస్తుంది.

7. రచయితల ముందున్న పని

పైన చెప్పిన విషయాల నుంచి తేలేది ఇది. కంప్యూటరు రాక్షసీ కాదు, అక్షయపాత్రా కాదు. అది పేరుకుపోయిన మానవ శ్రమ. జకార్డు నేతగాడి తెలివి, ఫెర్రైటు వలయాలు అల్లిన స్త్రీల వేళ్లు, కుషాయిగూడ ఇంజినీర్ల ఆలోచన, కంపోజిటరు కోల్పోయిన పని, చందనవెల్లి నేల – ఇవన్నీ దానిలో ఉన్నాయి. ఈ శ్రమ ఎవరి అధీనంలో ఉందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు యంత్రంలో లేదు, సమాజంలో ఉంది.

కనుక రచయితలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇ.సి.ఐ.ఎల్. తొలితరం ఉద్యోగులు, యంత్రీకరణ చర్చల్లో పాల్గొన్న బ్యాంకు యూనియను కార్యకర్తలు, మిగిలి ఉన్న కంపోజిటర్లు ఇవాళ వృద్ధులు. వారి అనుభవాలను వెంటనే నమోదు చేయాలి. సాఫ్టువేరు ఉద్యోగి ఒంటరితనాన్ని రాసినంత శ్రద్ధగా సర్వీసు సంచీ భుజాన వేసుకుని తిరిగే కుర్రవాణ్ణి, తుక్కు దుకాణంలో బోర్డు విరిచే స్త్రీని రాయాలి. మన పత్రికల పాత ఫైళ్లను యూనికోడులోకి మార్చి ప్రజలకు అందుబాటులో పెట్టాలి. ఇది సాంకేతిక నిపుణుల పని మాత్రమే కాదు, సాహిత్య సంఘాల బాధ్యత కూడా. సాహిత్య విద్యార్థులు పరిశోధనకు అంశాలు వెతుక్కునేటప్పుడు ఈ వైపు చూడాలి.

నేత మగ్గాన్ని తెలుసుకుని రాసిన రచయితలు నేతగాడి పక్షాన నిలబడగలిగారు. ఈ యంత్రం విషయంలోనూ అంతే. పక్షం తీసుకోవాలంటే ముందు పనిని తెలుసుకోవాలి. అందుకు మొదటి మెట్టు పెట్టె మూత విప్పడం.